శంఖం పట్టకుండానే బయలుదేరాలి

ప్రశ్న: నమస్కారం అమ్మా. నేను గుంటూరులో మా ఇంటి మేడ మీదే కూచిపూడి నేర్పుతున్నాను. మొత్తం 14 మంది పిల్లలు, 8 ఏళ్ల నుంచి 13 ఏళ్ల లోపు వాళ్లు. మొన్న ఒక ప్రోగ్రాంలో గజేంద్ర మోక్షం వేయించాను. పద్యాలను ఆదితాళానికి కట్టించి రికార్డింగ్ చేయించాను. తాళం ఎక్కడా తప్పలేదు. ‘సిరికిం జెప్పడు’ పద్యానికి శంఖ, చక్ర, గరుడ హస్తాలు ఎంత శుద్ధంగా పట్టారో చూసి నాకే ముచ్చటేసింది. అయిపోయాక ఒక పాప తాతగారు వచ్చి, “పిల్లలు బాగా చేశారమ్మా, కథే ఎక్కడా కనపడలేదు” అన్నారు. ఆ పద్యాలన్నీ కంఠతా వచ్చిన మనిషి ఆయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు నెలల్లో మళ్లీ అదే ఐటెం వేయాలి. “ఎక్స్‌ప్రెషన్, ఎక్స్‌ప్రెషన్” అని అరిచి అరిచి నా గొంతు పోతోంది గానీ పిల్లల ముఖాల్లో ఏమీ పలకడం లేదు. మొసలి వేసే తొమ్మిదేళ్ల బాబు మధ్యలో నవ్వేస్తాడు. తల్లిదండ్రులేమో మా పిల్ల ముందు వరసలో ఎందుకు లేదని అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నన్ను మీ శిష్యురాలే అనుకుని ‘నువ్వు’ అనే రాయండి.

— ఒక నాట్యం టీచర్, గుంటూరు

సమాధానం:

అమ్మాయీ, అడిగావు కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను.

తాతగారి మాట నీకు ఎంత గుచ్చుకుందో తెలుస్తోంది. అయినా ఆయన నీకు మేలే చేశారు. ప్రోగ్రాం అయ్యాక వచ్చి బ్రహ్మాండం అని చెప్పి ఫొటో దిగి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఒక మనిషి కూర్చుని, పద్యం మనసులో చదువుకుంటూ, పిల్లల్ని చూస్తూ, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయా అని వెతికారు. అంతకన్నా మంచి ప్రేక్షకుడు మనకు దొరకడు.

ఇప్పుడు నువ్వు ముచ్చటపడ్డ ఆ పద్యమే తీసుకో. పాడకుండా మామూలు మాటల్లో చెప్పుకో. విష్ణుమూర్తి లక్ష్మీదేవికి చెప్పడు. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు. పరివారాన్ని పిలవడు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు. చెవి దాకా జారిన జుట్టు సర్దుకోడు. పట్టుకున్న కొంగు వదలడు. వరసగా అన్నీ ‘చెయ్యడు’లే. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఆత్రంలో ఆయన ఏమేం చెయ్యలేదో పోతన గారు ఒక్కొక్కటీ చెప్పారు. చేసిన పని ఒకటే, ఉన్నపళంగా బయలుదేరడం.

మరి విష్ణుమూర్తి వేసిన నీ పాప ఏం చేసి ఉంటుంది? శంఖ హస్తం పట్టి తాళంలో ఒక నాలుగు అక్షరాల కాలం, అంటే నాలుగు దెబ్బలంత సేపు, నిలబడి ఉంటుంది. చక్ర హస్తం ఇంకో నాలుగు. గరుడ హస్తం పట్టి వేళ్లు ఆడించి, అటూ ఇటూ చూసి, చిన్న చిరునవ్వు. ఆ చివర ‘లేదు’ అన్నట్టు, వేళ్లన్నీ చాచిన పతాక హస్తం ఊపి ఉంటుంది. చాలామంది ఇలాగే నేర్పుతారు, నేనూ చాలా ఏళ్లు ఇలాగే నేర్పాను. చూసేవాళ్లకు మాత్రం విష్ణుమూర్తి శంఖం తీసుకున్నాడు, చక్రం తీసుకున్నాడు, గరుత్మంతుడి కోసం ఆగాడు. అక్కడ ఏనుగు చచ్చిపోతోంది, ఇక్కడ ఈయన తీరిగ్గా అన్నీ సర్దుకుంటున్నాడు. పద్యం ఒకటి చెబుతుంటే ఒళ్లు దానికి సరిగ్గా ఎదురు చెప్పింది. ఆ పద్యం నోటికి వచ్చిన మనిషికి కథ ఎలా కనపడుతుంది?

హస్తం తప్పు కాదు. ఆ మూడూ రెండు చేతులూ కలిపి పట్టే సంయుత హస్తాలే, శాస్త్రంలో ఉన్నవే. చూపూ కాలవ్యవధీ తప్పాయి. ఇలా చేయించి చూడు. పాప ఎత్తయిన పీట మీద కూర్చుని ఉంది. కొలను ఎక్కడో దూరంగా, కింద, హాలులో చివరి వరస దగ్గర ఉందనుకో. ఏనుగు మొర వినపడగానే చూపు అక్కడికి వెళ్లి అతుక్కుపోవాలి. ఇక పద్యం అయ్యేదాకా అక్కణ్ణించి తియ్యకూడదు. చెయ్యి అలవాటు కొద్దీ శంఖం వైపు వెళ్తుంది. రోజూ తీసుకునేదే కదా. సగంలో ఆగి కిందికి జారిపోతుంది. హస్తం పూర్తి కానే కాదు. చక్రానికీ అంతే, వేళ్లు విచ్చుకోబోయి ఆగిపోతాయి. కళ్లు ఒక్కసారి కూడా చేతి వైపు తిరగవు. గరుత్మంతుడి దగ్గర హస్తమే వద్దు, ఆయన ఉండే చోటు పక్కనుంచి ఆగకుండా దాటిపోతే చాలు. కొంగు మాటకు వస్తే, చిన్నపిల్లలు కాబట్టి లక్ష్మి వేసిన పాప చున్నీ చివర పట్టుకుని ఉంటే సరిపోతుంది. ఆ చివర పట్టుకునే లేస్తుంది, పట్టుకునే నడుస్తుంది. తన చేతిలో అది ఉందన్న సంగతే తనకు తెలియదు. ఆ ఒక్క చున్నీ చాలు, హాలులో చిన్నపిల్లలకు కూడా ఆయన ఎంత తొందరలో ఉన్నాడో తెలిసిపోతుంది.

నీకు ఇక్కడ ఒక సందేహం రావాలి. చెయ్యి ఎక్కడికి వెళితే చూపు అక్కడికి వెళ్లాలని మన పాత నాట్య గ్రంథం అభినయ దర్పణంలో శ్లోకం ఉంది కదా, మనందరం క్లాసులో మొదట నేర్చుకునేది అదే కదా అని. ఆ శ్లోకం చివరిదాకా చదువు. చెయ్యి ఉన్న చోట చూపు, చూపు ఉన్న చోట మనసు, మనసు ఉన్న చోట భావం, భావం ఉన్న చోట రసం. నాలుగూ ఒకే తాడుకు కట్టినవి. మనం మొదటి ముడి ఒక్కటే నేర్పి వదిలేస్తున్నాం. దాంతో పిల్లలు పువ్వు పట్టినా, పాము పట్టినా తమ అరచేతినే చూసుకుంటూ తిరుగుతారు. ఈ పద్యంలో విష్ణుమూర్తి మనసు కొలను దగ్గరుంది. మనసు లేని చోటికి వెళ్లిన చెయ్యి పని పూర్తి చెయ్యలేదు. అందుకే అది సగంలో ఆగిపోవాలి. శ్లోకానికి ఇది విరుద్ధం కాదు, దాన్ని తుదికంటా పాటించడమే అని నా నమ్మకం.

ఇది నాకు తెలిసిన విధం చెబుతాను. నా పదో ఏట, సత్యనారాయణపురంలో మా గురువుగారి ఇంట్లో పూలు కోసే అభినయం నేర్చుకుంటున్నాను. కటకాముఖం అనే హస్తం పట్టి చెయ్యి చాపడం, వెనక్కి తీసుకోవడం. చాపడం, తీసుకోవడం. ఆయన కాసేపు చూసి, కర్ర పక్కన పెట్టి, “రేపట్నుంచి వారం రోజులు నాలుగింటికే రా. పెరట్లో మల్లెమొగ్గలు కోసి అమ్మగారికి ఇచ్చి అప్పుడు క్లాసులో కూర్చో” అన్నారు. శిక్ష వేశారనుకుని మొదటి రోజు ఏడుస్తూనే కోశాను. మూడో రోజుకు ఒక సంగతి గమనించాను. మొగ్గ ఆకుల కింద దాక్కుని ఉంటుంది. ముందు కన్ను వెతుకుతుంది, తల కాస్త పక్కకు వాలుతుంది. ఎడమ చెయ్యి తీగను కదలకుండా పట్టుకుంటుంది. కుడిచేతి వేళ్లు తొడిమ దగ్గరికి వెళ్తాయి, గిల్లినప్పుడు మణికట్టు ఇంతే ఇంత తిరుగుతుంది. తీగ వదలగానే అది వెనక్కి ఊగుతుంది, మనమూ ముఖం కొంచెం వెనక్కి తీసుకుంటాం. అన్నిటికన్నా ముఖ్యం, ఈ మొగ్గ దోసిట్లో పడకముందే కన్ను పక్క మొగ్గ మీదికి వెళ్లిపోయి ఉంటుంది. వారం తర్వాత అదే అభినయం చేస్తే ఆయన ఏమీ అనలేదు. లోపలికి తిరిగి, “ఏమేవ్, పువ్వులు వచ్చాయి” అని అమ్మగారిని పిలిచారు.

నీ పిల్లలకు కూడా హస్తం కన్నా ముందు పని నేర్పు. ‘దాహం వేసినట్టు చూపించు’ అనకు. మేడ మీద ఎండలో అడుగుల అభ్యాసం చేయించాక నిజంగా చెంబుతో నీళ్లు ఇయ్యి. తాగేవాళ్లను మిగతావాళ్లు చూడాలి. తాగేముందు చెంబులోకి చూస్తారా లేదా? రెండో గుటకకు కళ్లు ఏమవుతాయి? గజేంద్రుడు కొలనులోకి దిగేది దాహంతోనే కదా. తొండం పేరుతో ఒక చెయ్యి ముందు పెట్టి ఊపుకుంటూ రావడం కాక, నీళ్లు కనపడగానే అడుగు ఎలా మారుతుందో వాళ్లే కనుక్కుంటారు. ఒక ఆదివారం పొద్దున్నే నలుగురైదుగురిని తల్లిదండ్రులతో పాటు కూరగాయల మార్కెట్‌కు తీసుకెళ్లు. ఒక్కొక్కరు ఒక్క మనిషిని చూసుకోవాలి. బస్తా మోసేవాడి మెడ, బేరం ఆడే ఆవిడ నడుము, తక్కెడ పట్టిన చెయ్యి. ఇంటికొచ్చాక ఆ మనిషి నడకతో గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడవాలి. ఎవరిని చూశారో మిగతావాళ్లు చెప్పాలి. నా క్లాసులో ఏటా చేయిస్తాను. మాట పెగలని పిల్లలు కూడా ఆ రోజు గలగలా మాట్లాడేస్తారు.

ఎక్స్‌ప్రెషన్ అని అరవడం ఈ రోజే మానెయ్. ముఖం గురించి అసలు మాట్లాడకు. మీ మేడ మీద అద్దం ఉంటే దాని మీద దుప్పటి కప్పు. అద్దంలో తన ముఖం చూసుకుంటూ బాధపడటం పెద్దవాళ్లకే చేతకాదు, ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా వస్తుంది? మన కూచిపూడి వాళ్లు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. సత్యభామ కథ ఆడే భామాకలాపంలో ఆవిడ వచ్చేటప్పుడు ముందు ముఖం కనపడదు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు, దాని మీదుగా ఆవిడ జడ బయటికి వేస్తుంది. ముఖం చూడకముందే ఆ మనిషి ఎంత అతిశయం గలదో జనానికి అర్థమైపోతుంది. తరతరాలుగా ఆ వేషం మగవాళ్లే కట్టారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు దానికి పేరు పొందారు. ఒక మగమనిషిని సత్యభామ అని నమ్మించడానికి ముందు పనిచేసింది వీపు, జడ, నడక. ముఖం ఆఖర్న వచ్చింది. అందుకని మొదటి రెండు వారాలు నువ్వు కూడా ఇద్దరు పిల్లల చేత ఒక చీర అడ్డం పట్టించు. పాత్ర వేసే పిల్ల దాని వెనక నుంచి ఒక పాదం గానీ, ఒక భుజం గానీ బయట పెట్టి ‘నేను గజేంద్రుణ్ణి’, ‘నేను మొసలిని’ అని నోటితో చెప్పకుండా చెప్పాలి. ముఖం చాటున ఉంటే పిల్లలకు సిగ్గు పోతుంది. చీర తీసేసరికి ఆ ముఖంలో రావలసింది వచ్చి ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. ఇది చెప్పడం నాకు సులువు కాదు. నేర్పడం మొదలుపెట్టిన కొత్తల్లో, ప్రహ్లాదుడి తల్లి వేషానికి ఒక పాపకు ఏడుపు రావడం లేదని, “మీ అమ్మమ్మ పోయినప్పటి సంగతి గుర్తు తెచ్చుకో” అన్నాను. వచ్చింది. నిజం ఏడుపు. అందరూ మెచ్చుకున్నారు. ఆ పాప రెండు రోజులు అన్నం తినలేదని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. మళ్లీ ఏ పిల్లతోనూ ఆ మాట అనలేదు. సాత్వికం, అంటే లోపలి భావం పైకి పలకడం, పిల్లల సొంత గాయాలు కెలకడం కాదు. వాళ్లకు పని ఇవ్వాలి, ఎదురుగా ఎవరున్నారో చెప్పాలి, వాళ్లు ఎంత ఇస్తే అంత తీసుకోవాలి. పదేళ్లు నిండని పిల్లల చేత విరహం పదాలు పట్టించేవాళ్లను చూసినా నాకు కష్టంగానే ఉంటుంది. వాళ్లకు తెలియని దాన్ని వాళ్ల ఒంటి మీద అంటించడం అది. నువ్వు గజేంద్ర మోక్షం ఎంచుకోవడం చాలా మంచి పని. ఆకలి, ఆట, భయం, పట్టు, పిలుపు, పరుగు. ఇందులో పిల్లలకు తెలియనిది ఏదీ లేదు.

ఇక బరువు. ఏనుగు కాలు మొసలి పట్టింది. గజేంద్రుడు వేసిన నీ పాప ఒక కాలు వెనక పెట్టి, ముఖం ముడిచి, చేతులు పైకెత్తి ఉంటుంది. కాలు మాత్రం తేలిగ్గానే ఉండి ఉంటుంది. ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఒక పాత కాటన్ చున్నీ తీసుకుని గజేంద్రుడి చీలమండ చుట్టూ ఒక చుట్టు వెయ్యి. ముడి వెయ్యొద్దు, పడిపోతారు. రెండు కొసలూ మొసలి బాబు చేతికి ఇచ్చి కింద కూర్చోబెట్టు. గజేంద్రుడు ఒడ్డు వైపు నడవాలి, మొసలి వదలకూడదు. రెండు నిమిషాలు. పాప ఒళ్లు ఎలా మారుతుందో మిగతా పిల్లల్ని చూడమను. పట్టిన కాలి తొడ బిగుస్తుంది, నడుము ముందుకు వంగుతుంది, మెడ సాగుతుంది, చేతులు వాటంతట అవే ఊతం కోసం గాలిలో వెతుకుతాయి. అదే ఆంగికం, ఒంటితో చేసే అభినయం. వెంటనే చున్నీ తీసేసి, “ఇప్పుడు చున్నీ ఉన్నట్టే నడువు” అను. ఒంటికి ఇంకా గుర్తుంటుంది. క్లాసు క్లాసుకు ఆ గుర్తు గట్టిపడుతుంది. పోరాటం సాగేకొద్దీ గజేంద్రుడి అడుగు చిన్నదవుతూ రావాలి. మొదట్లో మొసలిని ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చేంత బలం, ఆఖర్న మడమ లేపలేనంత నీరసం. ‘లావొక్కింతయు లేదు’ అని పద్యం వచ్చేసరికి జనానికి అది కొత్త వార్త కాకూడదు. అప్పటికే పాప కాళ్లలో చూసేసి ఉండాలి.

మిగతా పిల్లల్ని ఏం చేశావో నువ్వు రాయలేదు. వెనక వరసలో నిలబెట్టి అలల్లా చేతులు ఊపించావేమో అనుకుంటున్నాను. తప్పుగా అనుకుంటే ఏమీ అనుకోకు. వాళ్ల కోసం పోతన గారే ఒక పని దాచి ఉంచారు. మొసలితో పోరాడుతున్న గజేంద్రుణ్ణి ఒక్కణ్ణే వదిలి వెళ్లడానికి ‘కాళ్లు రాక’ ఆడ ఏనుగులన్నీ చూస్తూ నిలబడిపోయాయని ఒక పద్యం ఉంది. కాళ్లు రాక! మనం ఇప్పటికీ అనే మాటే కదా ఇది. పిల్లను హాస్టల్లో దింపి వచ్చేటప్పుడు కాళ్లు రాలేదంటాం, ఊరు వదిలేటప్పుడు కాళ్లు రాలేదంటాం. ఇంతకన్నా స్పష్టంగా నాట్యం టీచర్‌కు ఎవరు చెప్పగలరు? ఏనుగుల గుంపు వెనక్కి తిరుగుతుంది. ఒక పాదం లేస్తుంది. గాల్లో ఆగుతుంది. వెళ్లాల్సిన చోట పడదు, తీసిన చోటే పడుతుంది. తల మెల్లగా కొలను వైపు తిరుగుతుంది. అందరూ ఒకేసారి చెయ్యకూడదు. ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, అన్నిటికన్నా చిన్న పిల్ల ఆఖర్న. పాదం అలా ఆగినంతసేపూ మృదంగం కూడా ఆగాలి. గజ్జెల చప్పుడు ఒక్కటే వినపడాలి. అది చేయించి చూశాక నాకు రాయి. ముందు వరస, వెనక వరస అన్న గొడవే ఉండదు, ఎందుకంటే ఆ క్షణంలో జనం చూసేది గుంపునే, గజేంద్రుణ్ణి కాదు.

ముందు వరస గురించి అడిగే తల్లిదండ్రులకు ఇంకో జవాబు కూడా ఉంది. ‘సిరికిం జెప్పడు’ తర్వాతి పద్యం చూడు. ఆయన వెంట లక్ష్మి, లక్ష్మి వెంట అంతఃపుర స్త్రీలు, వాళ్ల వెనక గరుత్మంతుడు, ఆయన పక్కనే విల్లు, గద, శంఖం, చక్రం, తర్వాత నారదుడు, సేనాపతి, ఇక వైకుంఠంలో ఉన్న ఆబాలగోపాలం. శంఖాన్ని విష్ణుమూర్తి పట్టలేదు, శంఖమే ఆయన వెంట పరుగెత్తుకొచ్చింది! నువ్వు చేతులతో పట్టించిన మూడు హస్తాలూ ఇక్కడ ముగ్గురు పిల్లలవుతాయి. ఏనుగుల గుంపు వేసినవాళ్లే నడుముకు ఒక రంగు కండువా చుట్టుకుని వైకుంఠ జనం అయిపోవచ్చు. ఎవరి పరుగు వాళ్లది. శంఖం బొద్దుగా దొర్లినట్టు, చక్రం తిరుగుతూ, గరుత్మంతుడు ‘నన్ను వదిలి వెళ్లావేం’ అని కంగారుగా, లక్ష్మి మాత్రం చున్నీ ఆయన చేతిలో ఉంది కాబట్టి పరుగెత్తక తప్పక. ఏమయిందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని అందరూ ఆయన ముఖంలోకి చూస్తూ పరుగెత్తాలి. ఈ పరుగులో ప్రతి పిల్లకూ ఒక పేరు, ఒక పని ఉంటాయి. వాళ్ల అమ్మకు ‘మీ పాప చక్రం, మొసలిని చంపేది తనే’ అని చెప్పు. ఇక ఏ వరస అని అడగరు.

సంగీతం సంగతి. ‘సిరికిం జెప్పడు’ను ఆదితాళం నుంచి విప్పేయమని నా సలహా. పద్యాన్ని తాళం లేకుండా రాగంలో పాడటం మనకు అలవాటైన పద్ధతే. తాళంలో బిగించావు కాబట్టే హస్తాలు నాలుగేసి అక్షరాలు నిలబడాల్సి వచ్చింది. గాయని పాపను చూస్తూ పాడాలి, పాప గాయని కోసం ఆగకూడదు. పరుగు మొదలైన అడుగు మీదే మృదంగం అందుకోవాలి. లైవ్‌లో పాడించే వీలు లేకపోతే ఆ ఒక్క పద్యమైనా మళ్లీ రికార్డు చేయించు, ‘పాహి పాహి’ తర్వాత రెండు గుక్కల నిశ్శబ్దం వదలమను. మొర వినపడినప్పుడు పాప చెవి దగ్గర చెయ్యి పెట్టనక్కర్లేదు. లక్ష్మితో నవ్వుతూ ఊగుతున్న చెయ్యి గాల్లో ఆగిపోతే విన్నాడని అందరికీ తెలుస్తుంది.

వారానికి రెండు క్లాసులు అనుకున్నా నీకు 16 క్లాసులు ఉన్నాయి. మొదటి నాలుగింట్లో పాట పెట్టకు, హస్తాలు పట్టనివ్వకు. చేతులు వెనక్కి కట్టుకుని కథ మొత్తం నడవాలి. ముందు నేల మీద సుద్దముక్కతో కొలను గీసి, వైకుంఠం ఎటో, అడవి ఎటో, ఒడ్డు ఎక్కడో అందరికీ ఒకే మాట మీద ఖాయం చెయ్యి. ఒక పిల్ల కొలనును కుడివైపు చూసి, ఇంకో పిల్ల ఎడమవైపు చూస్తే ఎంత అభినయం చేసినా నీళ్లు ఎండిపోతాయి. తర్వాత ఎవరి పాత్ర మాటలు వాళ్లు సొంత తెలుగులో పైకి అంటూ నడవాలి, ‘అబ్బ, వదలవే’, ‘ఎవరైనా రండి’ అని. పూర్వం భాగవతుల ఆటల్లో పాత్రధారులు ఆడుతూ పాడుతూ మాట్లాడేవాళ్లు. ఆ మాట నోటికి వచ్చిన ఒళ్లు వేరు, రికార్డింగ్‌కు కదిలే ఒళ్లు వేరు. ఐదో క్లాసు నుంచి హస్తాలు తిరిగి రానియ్యి. కొన్ని అవసరం లేవని నీకే తెలుస్తుంది. వాటిని మొహమాటం లేకుండా తీసెయ్. హాలు దొరికితే ఒక్క రోజైనా అక్కడ ప్రాక్టీసు పెట్టి నువ్వు చివరి వరసలో కూర్చో. అక్కణ్ణుంచి కనుగుడ్డు కదలిక కనపడదు, మెడా ఛాతీ తిరిగితేనే చూపు తిరిగినట్టు తెలుస్తుంది.

మొసలి బాబును తిట్టకు. నవ్వుతున్నాడంటే వాడికి అక్కడ చెయ్యడానికి ఏమీ లేదని అర్థం. రెండు చేతులతో మొసలి నోరు తెరిచి మూస్తూ, జనం తనను చూస్తున్నారని తెలుసుకుంటూ నిలబడితే ఎవరికైనా నవ్వొస్తుంది. వాణ్ణి బోర్లా పడుకోబెట్టు. నిజం మొసలి నీళ్లలో కళ్లూ ముక్కూ మాత్రం పైకి పెట్టి కదలకుండా ఉంటుందని చెప్పు. నీళ్లు దాని ఇల్లు, అక్కడ అది రోజురోజుకూ బలపడుతుంది, పరాయి చోట ఏనుగు బలం తగ్గుతుంది. వాడికి ఇవ్వాల్సిన పని ఒకటే, గజేంద్రుడి ఊపిరి లెక్కపెట్టడం. గజేంద్రుడు ఊపిరి తీసుకున్న ప్రతిసారీ కాలును ఇంత లోపలికి లాగాలి. వదిలినప్పుడు కదలకూడదు. లెక్క తప్పకూడదు. ఆ పనిలో పడితే వాడికి నవ్వే తీరిక ఉండదు. పైగా ఆ నెమ్మదైన లాగుడు చూసి జనానికి భయం వేస్తుంది.

చక్రం వేసిన పాప వచ్చినప్పుడు తల నరికినట్టు చూపించనక్కర్లేదు. చక్రం తన చుట్టూ ఒక్కసారి తిరగగానే వాడు వేళ్లు విప్పేస్తే చాలు. ఒక్కొక్క వేలూ, మెల్లగా. గజేంద్రుడి చేత మాత్రం వెంటనే నమస్కారం పెట్టించకు. అంతసేపు బరువు మోసిన కాలు అది. ముందు దాన్ని కదిపి చూసుకోవాలి. అలవాటు కొద్దీ గట్టిగా లాగబోతే అది తేలిగ్గా, అనుకున్న దానికన్నా పైకి లేచి వచ్చేస్తుంది. పాప ఒక్క క్షణం తూలుతుంది. కాలి వైపు చూస్తుంది. నేల మీద ఆన్చి, మళ్లీ ఎత్తి, మళ్లీ ఆన్చి, అప్పుడు తల పైకెత్తి ఎవరొచ్చారో చూస్తుంది. అంతదాకా ఎవరూ పాడకూడదు.